ఆబ్సెంట్ వేసిన రోజు

సల్మాబాద్ గ్యారేజీల పక్కగా వెళ్తుంటే, కారు అద్దాలు ఎత్తి ఉన్నా గ్రీజు, కాలిన రబ్బరు కలిసిన వాసన లోపలికి వస్తుంది. మా నాన్న చొక్కా వాసన అది. ఆయన అక్కడే మెకానిక్‌గా పనిచేసేవారు. తుని నుంచి ఈ ఎడారి దేశానికి వచ్చిన మేం, సనాబిస్ అనే పేటలో ఒక పాత మేడ రెండో అంతస్తులో ఉండేవాళ్లం.

నాకు ఎనిమిదేళ్లప్పటి వినాయక చవితి. అమ్మ నన్ను బడి మాన్పించింది. గోడలకు కూడా చెమట పట్టినట్టుండే ఆ ఉక్కలో, తుని నుంచి తెచ్చుకున్న ఇత్తడి గిన్నెలో ఆవిరి మీద ఉండ్రాళ్లు ఉడుకుతుంటే, బియ్యపు రవ్వ, కొబ్బరి, నెయ్యి వాసనల మధ్య నేను గచ్చు మీద చింతపిక్కలు ఆడుకుంటున్నాను. మధ్యాహ్నం ఎవరో తలుపు కొడితే తీశాను. నాన్నతో పనిచేసే మల్లన్న, జగిత్యాల వైపు మనిషి. గ్యారేజీ సామాను కోసం వచ్చి, దారిలో ఆగాడట.

"అన్నకు జరమొచ్చిందా వదినా? ఇయ్యాల ఆబ్సెంట్ ఏసిండ్రు."

ఉండలు చుడుతున్న అమ్మ చేతులు ఆగిపోయాయి. "ఆబ్సెంట్ అంటే ఏంటే?" అని నన్నడిగింది.

"రాలేదనమ్మా. బళ్లో నాకూ ఇవాళ అదే వేసుంటారు."

"పొద్దున్నే బస్సుకని వెళ్లారు కదా. అక్కడికి రాకపోతే మరెక్కడున్నట్టు?"

నాకు తెలిసిన ఆ మాటలో దానికి జవాబు లేదు. బడిలో లేని నేను ఇంట్లో ఉన్నాను. నాన్న ఇంట్లోనూ లేరు. మల్లన్న "నేను ఎతుకుత వదినా" అని పరుగున దిగిపోయాడు. మాకు ఫోను లేదు. అమ్మ పిండి చేతులతోనే మెట్ల మీద కూర్చుని, కింద బ్రేకు చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడేది. గిన్నెలో నీళ్లింకి మాడు వాసన మెట్లదాకా వచ్చినా కదల్లేదు. పొయ్యి నేనే ఆర్పాను.

నాలుగింటికి నాన్న వచ్చారు. చొక్కా ముందంతా రక్తం. అమ్మ పిండి చేతులతోనే ఆయన ఛాతీ తడిమింది.

"నాది కాదే. బస్సు దగ్గరికి నడుస్తుంటే, రోజూ నాతో బస్సెక్కే యాదగిరి పడిపోయాడు, తల పగిలింది. ఆస్పత్రికి తీసుకెళ్లాను. అంత దూరం కర్జకాన్ ఊరి నుంచి వాళ్ల తమ్ముడు వచ్చేదాకా ఒక్కణ్ణి ఎలా వదిలేస్తాను?"

అమ్మ అప్పుడు ఏడ్చింది.

యాదగిరి బతికాడు. నెల తిరక్కుండా మా ఇంటికి వచ్చి, అమ్మ చేతి భోజనం తిని, వెళ్లేటప్పుడు నాన్న చెయ్యి చాలాసేపు వదల్లేదు. గ్యారేజీ హాజరు పట్టీలో ఆ రోజు పడ్డ ఆబ్సెంట్‌ను మాత్రం ఎవరూ కొట్టెయ్యలేదు.

ఆ మేడ ఇప్పుడు లేదు. నాన్నా లేరు. నేను ఇక్కడే చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. పేరు పిలిచినప్పుడు ఎవరూ పలక్కపోతే, కంప్యూటర్ తెర మీద ఆబ్సెంట్ నొక్కే ముందు, ఎక్కడున్నాడో తెలుసా అని మిగతా పిల్లల్ని అడుగుతాను. వాళ్లకూ తెలియకపోతే ఇంటికి ఫోన్ చేస్తాను. అవతల ఎవరో ఒకరు ఎత్తి మాట్లాడేదాకా పాఠం మొదలుపెట్టలేను.