మిఠాయి తిని కౌలు పెంచారు

మేమంతా ఫారం ఆంటీ అని పిలిచే ఆవిడ పోయారని మంగళవారం పొద్దున ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. గుండెపోటు. దాని కిందే ఒక పెద్దమనిషి, పాపం, గవర్నమెంటు సబ్సిడీతో హాయిగా గడిచిపోయేది ఆవిడకి అని రాశారు. ఒళ్ళు మండిపోయింది. ఆ మాట చదివాక నాకు ఏడుపు కూడా రాలేదు.

ఆవిడ ప్రకాశం జిల్లా మనిషి. భర్త పోయాక కూడా ఇక్కడ కెనడాలో, గ్వెల్ఫ్ ఊరి బయట కౌలుకు తీసుకున్న చేనులో ఒంటరిగా మొక్కజొన్న వేసేవారు. మాలాంటి స్టూడెంట్లు వేలంవెర్రిగా వచ్చిపడ్డ ఏళ్ళవి. పార్ట్‌టైం పని ఎక్కడ అడిగినా మొండిచెయ్యే. శనాదివారాలు మాకు పనిచ్చింది ఆవిడే. ముందు కడుపునిండా అన్నం పెట్టి గానీ పనిలోకి దించేవారు కాదు. థ్యాంక్స్ చెబితే విసుక్కునేవారు. మధ్యాహ్నం రేడియోలో పంట ధరలు వింటున్నప్పుడు ఎవరైనా నోరు విప్పితే చూపుతోనే కాల్చేసేవారు.

ఆ సబ్సిడీ సంగతేమిటో చెబుతాను, వినండి. మొక్కజొన్న ధర సాగు ఖర్చుకన్నా కిందికి పడితే, తేడాలో కొంత ప్రభుత్వం ఇస్తుంది. అందుకు ఆవిడ ముందే ప్రీమియం కట్టారు, ఊరికే రాలేదు. ఓ ఏడాది ధర పడింది, సాయం వచ్చింది. ఆంటీ సంబరపడిపోయి సున్నుండలు చుట్టారు. మా అందరికీ పెట్టి, చేను ఆసామికీ ఒక డబ్బా పట్టుకెళ్ళారు. నోరు తీపి చేయకుండా శుభవార్త ఎలా చెబుతాం మనం? ఆసామి టౌన్లో ఉండే రిటైరైన కెనడా పెద్దాయన. నవ్వుతూ తిన్నాడు. లీజు రెన్యూవల్ నాడు, నీకు సాయం వస్తోందిగా, నాకూ న్యాయం జరగాలిగా అంటూ కౌలు పెంచాడు.

మరుసటేడు ధర కాస్త కోలుకుంది, సాయం ఆగింది. కౌలు మాత్రం దిగలేదు.

ఆ రోజుల్లోనే మేం అద్దెకున్న బేస్‌మెంట్ ఓనరు, కొత్త స్టూడెంట్లు దిగుతున్నారు కదా అని అద్దె పెంచాడు. వెళ్ళి ఆవిడతో మొరపెట్టుకున్నాం.

"మీ అద్దెయినా నా కౌలైనా ఒకటే కదరా. ధర పడితే చూట్టానికి గవర్నమెంటుంది. కౌలు పెరిగితే చూసేదెవరు?" అన్నారు.

నిరుడు కోతలయ్యాక పక్కనున్న పెద్ద ఫారం వాళ్ళు ఆసామికి ఇంకా ఎక్కువ కౌలు ఇస్తామన్నారు. వాళ్ళకి ఎకరాలెక్కువ కాబట్టి అదే పథకం కింద సాయమూ ఎక్కువే. ఆ బలంతోనే ఆవిడ చేను తన్నుకుపోయారు. రైతుని కాపాడే డబ్బట, రైతుని! ఆసామి ఫోన్లో సారీ చెప్పాడు. ఆంటీ చలికాలమంతా ఇంకో చేను కోసం కౌంటీ అంతా తిరిగారు. దొరకలేదు. అందరూ గింజ వేస్తున్న రోజుల్లో ఇంట్లో ఖాళీగా కూర్చుని పోయారు. గుండెపోటని డాక్టర్లు రాశారు. నేనైతే అలా రాయను.

అంత్యక్రియల నుంచి వస్తూ కొందరం ఆ చేను దగ్గర ఆగాం. పెద్ద ఫారం వాళ్ళు వేసిన మొలకలు వరస తప్పకుండా లేచాయి. ఏటా మంచు కరిగాక ఇక్కడి నేలలో రాళ్ళు పైకి తేలతాయి. వాటిని ఆంటీ మా చేత ఏరించి గట్టు మీద పోయించేవారు. ఈసారి ఎవరూ ఏరినట్టు లేదు. మావాడొకడు అలవాటు కొద్దీ వంగి ఒక రాయి తీసి గట్టువైపు నడిచాడు.

"అక్కడే పడెయ్‌రా," అన్నాను.

వాడు పడెయ్యలేదు. రాయిని రెండు చేతులా పట్టుకుని మొలకల మధ్య అలాగే నిలబడ్డాడు.