అమావాస్య కర్పూరం

ఈమధ్య అమలాపురంలో ఒక కాలేజీవాళ్ళు మూర్ఛరోగం మీద పిల్లలకి నాలుగు మాటలు చెప్పమని పిలిస్తే వెళ్ళాను. రిటైరైనవాళ్ళని పిలిచి, శాలువా కప్పి, మైకు చేతికివ్వడం మా వైపు ఇప్పుడు బాగా అలవాటైంది. నా ఉపన్యాసం ముగిసి, అందరూ సమోసాల వైపు చూస్తున్న సమయంలో వెనక బెంచీ పిల్ల ఒకతె లేచి, "ఇన్ని సబ్జెక్టులుండగా మీరు ఈ ఫిట్ల మీదే ఎందుకు పనిచేసేరండీ?" అని అడిగింది. మెదడు ఒక అద్భుతమనీ, దాని లోతు తెలుసుకోవాలన్న జిజ్ఞాస అనీ, ఇలాంటి చోట్ల అందరం చెప్పే జవాబే చెప్పాను. చప్పట్లు కొట్టారు. అసలు జవాబు ఆ వయసు పిల్లలకి చెప్పేది కాదు. జలుబు చేస్తే కొబ్బరినూనెలో కర్పూరం కరగబెట్టి ఛాతీకి రాయించుకున్న నా ఈడువాళ్ళయితే అర్థం చేసుకుంటారని ఇక్కడ చెబుతున్నాను.

కొత్తపేట దగ్గర మా ఊళ్ళో మా తాతగారు గుడి అర్చకులు. ఇంట్లో బియ్యానికి కటకటలాడిన రోజులున్నాయి గాని కర్పూరానికి ఎప్పుడూ లోటు లేదు. మా నాన్నగారి ఆఖరి చెల్లెలికి, అంటే మా చిన్నత్తకి, పసితనంలో పెద్ద జ్వరం తగిలి ఒకసారి ఫిట్స్ వచ్చాయట. జ్వరాల్లో చిన్నపిల్లలకి అలా రావడమూ, పెద్దయ్యాక మళ్ళీ కనిపించకపోవడమూ చాలామందికి జరిగేదే. అయితే ఆ రోజు అమావాస్య. అంతే, చిన్నత్త తల్లికి, అంటే మా మామ్మకి, సంగతంతా తేలిపోయింది. పిల్లకి గాలి సోకింది, అది అమావాస్య అమావాస్యకీ వస్తుంది, వచ్చేలోపే తరిమెయ్యాలి. గాలిని హరించేది కర్పూరమని ఎవరు చెప్పారో తెలియదు. ప్రతి అమావాస్య పొద్దున్నే, పిల్ల ఏడ్చినా కక్కినా వదలకుండా, చక్రకేళీ అరటిపండు ముక్కలో హారతి కర్పూరం బిళ్ళలు కుక్కి మింగించేది.

ఆ తర్వాత ఫిట్ వచ్చేది. అన్ని అమావాస్యలకీ రాదు. రాకపోతే అది కర్పూరం మహిమ, వస్తే కర్పూరం చాలలేదని అర్థం. పిల్లతోపాటు బిళ్ళలూ పెరిగాయి. తిథి చూసుకుని మరీ వస్తోంది చూశారా అని చుట్టాలు ముక్కున వేలేసుకునేవారు, మామ్మ ఓర్పుని మెచ్చుకునేవారు. మా ఇంట్లో పంచాంగమైనా తప్పుతుంది గాని చిన్నత్త తప్పదని బాబాయి వేళాకోళం చేస్తే అందరూ నవ్వేవారు. పాపం, ఆవిడా నవ్వేది.

చిన్నత్తకి ఉన్నది ఒకటే కోరిక, టీచరవ్వాలని. ఇంట్లోనే చదువుకుని, ప్రైవేటుగా కట్టి పరీక్షలన్నీ పాసైంది. అరుగు మీద వీధి పిల్లల్ని పోగేసి కొబ్బరిచెక్కలు కోసి చూపిస్తూ ఆవిడ చెప్పిన భిన్నాలు నాకు ఈనాటికీ మరుపు రాలేదు. ఆ పేరు విని, కాలవ అవతల ప్రైవేటు స్కూలు హెడ్‌మిస్ట్రెస్ గారు ఇంటికి వచ్చి మరీ అడిగారు. మామ్మ వద్దంది, తాతగారు నచ్చజెప్పారు. నేను చదివేదీ ఆ స్కూల్లోనే కనక ఇద్దరం కలిసి వంతెన దాటి వెళ్ళేవాళ్ళం. చిన్నత్త అంత వేగంగా నడవడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

ఇంతలో అమావాస్య వచ్చింది. పిల్లల ముందు ఏమీ కాకూడదని మామ్మ ఆ పొద్దున్న మామూలుకన్నా ఎక్కువే పెట్టింది. చిన్నత్త మా తరగతిలో బోర్డు మీద లెక్క రాస్తోంది. ముందు పెదవి ఒక పక్కకి అదిరింది, తర్వాత చేతిలో సుద్దముక్క జారింది, మనిషి వెనక్కి విరుచుకు పడిపోయింది. నోట్లోంచి నురగ, కింద చీరంతా తడి. ఆయా పరుగున వచ్చి బీరువా తాళాలగుత్తి ఆవిడ గుప్పిట్లో కుక్కింది. వెనక వరసలో ఒకడు ఆవిడ కాళ్ళు కొట్టుకోవడాన్ని చేసి చూపిస్తే తరగతంతా గొల్లుమంది. తెలివొచ్చాక చిన్నత్త చూసింది ముందు తడిసిన చీరని, తర్వాత నవ్వుతున్న మమ్మల్నందరినీ. హెడ్‌మిస్ట్రెస్ గారు ఎంతో మర్యాదగా, "ఇంక రాకండమ్మా, పిల్లలు జడుసుకుంటున్నారు" అన్నారు. జడుసుకున్నవాళ్ళు ఒక్కరూ నాకు కనబడలేదు.

ఆ తర్వాత చిన్నత్త గడప దాటలేదు. నేనేమో చదువుల మీద చదువులు చదివి, దూరాన ఒక పెద్ద ఊళ్ళో లేబొరేటరీలో చేరాను. అక్కడ మా పని ఎలుకలకి ఫిట్లు తెప్పించడం. దీన్ని మెత్తగా చెప్పడానికి లేదు. మెదడు కణాల మీద రిసెప్టర్లని తలుపుల్లాంటివి ఉంటాయి. కొన్ని కణాన్ని ఉసిగొల్పుతాయి, కొన్ని చాల్లే ఊరుకోమని జోకొడతాయి. జోకొట్టే తలుపుకి మందుతో గడియ పెట్టేస్తే మెదడంతా ఒక్కసారిగా అరుస్తుంది. మేం పొట్టలోకి సూది గుచ్చి, పక్కన కూర్చుని, మీసాలు ఎప్పుడు అదిరాయి, ఎప్పుడు పడింది, ఎప్పుడు చచ్చింది అని చూసి మార్కులు వేసేవాళ్ళం. మొదట్లో అన్నం సయించేది కాదు. తర్వాత తర్వాత వాటిని చూస్తూనే టీ తాగడం వచ్చేసింది.

అలా టీ తాగుతూనే మా గైడుగారు ఒకనాడు మాటవరసకి, ఈ మందులు రాకముందు డాక్టర్లు పిచ్చి కుదర్చడానికి కావాలని ఫిట్స్ తెప్పించాలంటే కర్పూరం వాడేవారని చెప్పారు. అదీ దాదాపు ఇదే తలుపుకి గడియ పెడుతుందిట. నా ముందు పంజరంలో ఎలుక మూతి ఒక పక్కకి అదురుతోంది. గ్లాసు కింద పెట్టి, దానికి మార్కు వెయ్యకుండానే బయటికి వెళ్ళిపోయాను.

మర్నాడే బయల్దేరి ఇంటికొచ్చాను. మామ్మ అరుగు మీద వత్తులు చేసుకుంటోంది. చిన్నత్త గుమ్మంలో నిలబడి ఉంది. దాచడం నాకు చేతకాలేదు, చేతనైనా దాచేదాన్ని కాదు. ఎలకల సంగతంతా చెప్పి, అత్తకి ఫిట్లు తెప్పిస్తున్నది గాలీ కాదు, అమావాస్యా కాదు, నువ్వు పెట్టే కర్పూరమేనని చెప్పేశాను. మామ్మ వత్తులు చెయ్యడం ఆపకుండానే, "ఎలకలకీ మనుషులకీ ఒకటేనటే?" అంది.  తరవాతి అమావాస్యకి తల్లి అందించిన పండుని చిన్నత్త తీసుకెళ్ళి ఆవులదొడ్లో పారేసింది. ఆ రోజు ఫిట్ రాలేదు. ఆ తర్వాతా రాలేదు, మళ్ళీ ఎప్పుడూ రాలేదు. అసలు ఆవిడకి జబ్బంటూ ఉండేదా అని అడిగితే, ఇంత చదివీ నేను చెప్పలేను.

చిన్నత్త మళ్ళీ వంతెన దాటి స్కూలుకి వెళ్ళి అడిగింది. అక్కడ కొత్తగా వచ్చిన హెడ్‌మాస్టరు గారు, "మీరు ఆ ఫిట్లొచ్చి పడిపోయిన టీచరు కదండీ" అన్నారు. ఉద్యోగం మాట అక్కడితో సరి. ఇంటికొచ్చేసరికి మామ్మ పొరుగావిడతో, "ఇన్నేళ్ళూ ఓపిగ్గా పెట్టేను కాబట్టే గాలి ఒదిలిందండీ" అంటోంది. ఆ ఒక్క మాట అనకుండా, తల్లి ఒక్కసారి కూర్చుని ఏడ్చి ఉంటే చిన్నత్త క్షమించేదేమో.

మామ్మ మంచాన పడ్డాక చాకిరీ అంతా చిన్నత్తే చేసింది. స్నానం, పక్కబట్టలు, మందులు, దేనికీ వంక పెట్టడానికి లేదు. మాట మాత్రం లేదు. అమావాస్య పొద్దున్న ఒక పండు వలిచి తల్లి చేతిలో పెట్టి, తినేదాకా ఎదురుగా నిలబడేది. మామ్మ వేళ్ళతో దాన్ని చిదిపి చిదిపి చూసుకుని, ఏడుస్తూ తినేది. నేను చూడలేక ఇదేం శిక్ష అత్తా అంటే, "ఒట్టి పండేనే. ఆవిడా ప్రేమతోనే పెట్టింది కదా" అంది.

ఇప్పుడు మా వైపు పల్లెల్లో కూడా పిల్లలకి ఫిట్స్ వస్తే ఆటోలో వేసుకుని డాక్టరు దగ్గరికి పరుగెడుతున్నారు. అమావాస్యంటే భయపడేవాళ్ళు తగ్గారు. మంచిదే, నా జీవితమంతా దానికోసమే పనిచేశాను. కానీ నెపం అమావాస్య మీద ఉన్నన్నాళ్ళూ, ఫిట్ వచ్చి తగ్గాక చిన్నత్త తల్లి ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయేది, మామ్మ మధ్యాహ్నమంతా కదలకుండా కూర్చుని విసురుతూ ఉండేది. నేను వెళ్ళి నిజం చెప్పాక ఫిట్లు పోయాయి, ఆ ఒడీ పోయింది. మామ్మ పోయిన రోజున చిన్నత్త ఏడవలేదు. అందరూ వెళ్ళిపోయాక నా పక్కన కూర్చుని, "నువ్వు చెప్పకుండా ఉంటే నేను అమ్మని ప్రేమించుకుంటూ పోయేదాన్ని కదే" అంది.