అత్తగారే క్లయింటు

మా వదిన కూతుర్ని బడిలో వేసిన ఏడాదే తనూ కాలేజీలో చేరింది. చదివేది ఆర్కిటెక్చరు. క్లాసులో మిగతావాళ్లంతా నిన్నకాక మొన్న స్కూలు దాటి వచ్చినవాళ్లు. వాళ్లకి ఈవిడ ‘అక్క’. మా అన్నయ్య మాత్రం ‘ఇంజనీరు గారూ’ అని పిలుస్తాడు. ఇంజనీరు వేరు, ఆర్కిటెక్టు వేరు అని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి వదిన ఊరుకుంది. పెళ్లికి ముందే ఈ సీటు వచ్చిందట, వాళ్లింట్లో పంపలేదట. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆవిడ గొప్పలూ చెప్పుకోదు, గోడూ చెప్పుకోదు. నేనైతే ఊరంతా టముకు వేసేదాన్ని.

ఆవిడ చేరిన దగ్గర్నుంచి మా ఇల్లు ఇల్లులా లేదు. ఎక్కడ చూసినా అట్టముక్కలు, జిగురు సీసాలు, బ్లేళ్లు. కుర్చీ లాక్కుని కూర్చోబోతే “ఆగవే, అది లైబ్రరీ” అని లోపల్నుంచి కేక. ఒకసారి కేక రావడం ఆలస్యమై నేను ఆసుపత్రి మీద కూర్చున్నాను. వదిన నలిగిన అట్టముక్కలు ఏరుకుని మళ్లీ జిగురు సీసా తీసింది. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

ఈ చదువుకి ప్రాణమంతా స్టూడియో అనే క్లాసులో ఉంది. అక్కడ పాఠం చెప్పరు. ఏదో ఒకటి డిజైన్ చెయ్యమంటారు. చేసిన బొమ్మలు గోడకి అంటించి, అట్టతో కట్టిన మోడల్ బల్ల మీద పెట్టి, పక్కన నిలబడి ఎందుకలా చేశావో చెప్పుకోవాలి. ఎదురుగా సార్లూ, బయటి నుంచి పిలిపించిన ఆర్కిటెక్టులూ కూర్చుని ఉతికి ఆరేస్తారు. దాన్ని జ్యూరీ అంటారు. వదిన అప్పటికే ఒకసారి స్టూడియోలో తప్పింది. రెండోసారి తప్పితే సీటు పోతుంది, అది కాలేజీ రూలు. “ఈసారీ పోతే ఇక చాలించేద్దాం” అని అన్నయ్య మెత్తగానే అన్నాడు. మెత్తగా అన్నా మాట మాటే కదా.

ఈసారి ఇచ్చిన పని, తెలిసిన మనిషికి ఒక ఇల్లు గీయడం. ఆ మనిషిని క్లయింటు అనుకుని, అడిగి తెలుసుకుని గీయాలి. క్లాసులో పిల్లలంతా స్నేహితుల్ని పెట్టుకున్నారు. మా వదిన పోయి పోయి అత్తగారిని, అంటే మా అమ్మను పెట్టుకుంది.

“అత్తయ్యా, మీకు ఇల్లు గీస్తున్నాను. ఎలా ఉండాలో చెప్పండి.”

“నాకేం కావాలే అమ్మాయ్, మీరంతా చల్లగా ఉంటే చాలు.”

“అది కాదు, మీకు ఏం కావాలి?”

“గాలీ వెలుతురూ ఉంటే సరి. ఆ పాలు పొంగుతున్నాయేమో చూడు.”

క్లయింటుతో చర్చ అంతటితో ముగిసింది. అమ్మ మంచం హాల్లోనే ఉంటుంది. మేము టీవీ కట్టేదాకా ఆవిడ నిద్రపోవడానికి లేదు. పొద్దున్నే వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఆ మంచం పక్క నుంచే. అది చూసి వదిన తనంతట తనే తేల్చుకుంది, అత్తయ్యకు ప్రశాంతత కరువైందని. ఇంటికి వెనకవైపు, చెట్ల మధ్యకి ఒక గది గీసింది. పక్షి కూత తప్ప ఇంకేమీ వినపడని గది. మోడల్ కూడా ముచ్చటగా వచ్చింది.

మోడల్లో ఇల్లు ఎంత పెద్దదో తెలియడానికి అట్టతో మనుషుల్ని కత్తిరించి నిలబెడతారు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది.

“వీడెవరు?”

“మీ అబ్బాయి. ఈవిడ మీ అమ్మాయి. ఇక్కడ నేనూ పాపా.”

“మరి నేనెక్కడే?”

వదిన ఎంతో సంబరంగా వెనక గదిలోని బొమ్మను చూపించింది. “బాగా చేశావమ్మాయ్” అని అమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఆరేసిన బట్టలు తీస్తూ నాతో, “అంత వెనక్కి నెట్టేసిందేమే నన్ను” అంది. కోపంగా అనలేదు. బట్టలు మడతపెడుతూ, మరీ మామూలుగా అంది.

నా నోట్లో నువ్వుగింజ నానదు. వెళ్లి వదినకు చెప్పేశాను. “నేను ఇద్దామనుకున్నదేమిటి, ఆవిడకి అందిందేమిటి” అని వదిన ఆ మోడల్ గోడలు ఒక్కొక్కటే ఊడదీయడం మొదలుపెట్టింది. జ్యూరీ నెత్తిమీదకి వచ్చేసింది. ముందు పాసవ్వు, తర్వాత తీరిగ్గా బాధపడుదువు గాని, అని నేను మొత్తుకున్నాను. నా మాట చెవిన పెడితే కదా.

ఈసారి అడగడం మానేసి చూడడం మొదలుపెట్టింది. మా ఇంటి ప్లాన్ గీసి, దాని మీద పల్చటి కాగితం పరిచి, అమ్మ ఎక్కడ కూర్చుంటే అక్కడ ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టేది. చుక్కలన్నీ వెళ్లి వంటింటి గుమ్మం దగ్గర కుప్పపడ్డాయి. అమ్మ అక్కడే పీట వేసుకుని కూరలు తరుగుతుంది, ఫోన్ మాట్లాడుతుంది, పాపకి జడ వేస్తుంది. అక్కణ్ణుంచి పొయ్యీ కనిపిస్తుంది, వీధి తలుపూ కనిపిస్తుంది. వదిన ఆ గుమ్మాన్నే వెడల్పు చేసి, గోడలో కలిసిపోయేలా ఒక అరుగు కట్టి, దాని మీదకి పైకప్పు నుంచి వెలుగు పడేలా చేసింది. ఇల్లంతా ఆ అరుగు చుట్టూ తిరిగింది. ఏ పనినీ ఊరికే మెచ్చుకునే రకాన్ని కాను, నాకు కూడా నచ్చింది.

జ్యూరీ రోజు నేనూ వెంట వెళ్లాను. బస్సులో ఆవిడ ఇంటిని పట్టుకుంది, నేను పైకప్పు పట్టుకున్నాను. వదిన బొమ్మలు ఒక్కొక్కటే చూపిస్తూ అంతా చెప్పింది. స్టూడియో సారు చుక్కల కాగితం చూసి బాగుందన్నారు. బయటి నుంచి వచ్చిన ఆర్కిటెక్టు మేడం మాత్రం అరుగు దగ్గర వంగి చాలాసేపు చూశారు.

“ఆవిడకి ఇక్కడ కూర్చోవడం ఇష్టమా, అలవాటా?”

ఇష్టమే అని చెప్పెయ్యి వదినా, అని నేను వెనక నుంచి మనసులో మొక్కుతున్నాను.

“తెలియదండీ” అంది వదిన. “అడగలేదు.”

“ఇన్ని చుక్కలు పెట్టినదానివి, ఒక్క మాట అడగలేకపోయావా?”

“ముందోసారి అడిగానండీ. ఏమీ వద్దన్నారు.”

“అలా అనేవాళ్లని ఇంకోసారి అడగాలమ్మా. ఆవిడ జీవితమంతా గుమ్మంలో కూర్చుంటే, నువ్వు ఆ గుమ్మాన్నే పక్కాగా కట్టి ఇస్తున్నావు.”

తప్పించలేదు, పాస్ చేయలేదు. వారం గడువిచ్చారు. సరిచేసి తెస్తే సరే, లేకపోతే ఇంటికే. దారి పొడుగునా నేను ఆ మేడాన్ని తిట్టిపోశాను. మేడం అడిగినదాంట్లో తప్పేం లేదని వదినకి అప్పటికే అర్థమైంది. నాకు అర్థం కావడానికి ఇల్లు చేరాల్సి వచ్చింది.

కాళ్లు కడుక్కుని, చేతిలో పెన్సిలూ కాగితమూ లేకుండా వెళ్లి వదిన అమ్మ పక్కన నేల మీద కూర్చుంది. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

“అత్తయ్యా, ఇక్కడ కూర్చోవడం మీకిష్టమేనా?”

అమ్మకి నవ్వొచ్చింది. “ఇష్టమేమిటే. ఇక్కడైతే ఎవరు పిలిచినా వినపడుతుంది.”

వదిన లేవలేదు. తనూ ఒక గుప్పెడు బియ్యం ముందుకు లాక్కుని ఏరడం మొదలుపెట్టింది. చేటలో బియ్యం సగమయ్యాక అమ్మ తలెత్తకుండానే మాట్లాడింది.

“ఒక గది ఉంటే బాగుండును. వెనకెక్కడో కాదు, మధ్యలోనే. మీ మాటలన్నీ వినపడుతూ ఉండాలి. కానీ తలుపుకి లోపలివైపు గడియ ఉండాలి. నేను వేసుకుంటే ఎవరూ తట్టకూడదు. కాసేపే.”

“గడియ వేసుకుని ఏం చేస్తావమ్మా?” అని మధ్యలో దూరాను.

“ఏమీ చెయ్యను” అంది అమ్మ.

వదిన “సరే అత్తయ్యా” అని మాత్రం అని, మిగిలిన బియ్యం ఏరడం పూర్తయ్యేదాకా అక్కడే కూర్చుంది.

వారం తర్వాత పాసై వచ్చింది. మేడం ఈసారి ప్రశ్నలేమీ వెయ్యలేదట, గడియ ఎంత ఎత్తులో పెట్టావని మాత్రం అడిగారట. ఆవిడ చెయ్యి సులువుగా అందే ఎత్తులో, అందట వదిన. అన్నయ్య ఆ రోజు ‘ఆర్కిటెక్టు గారూ’ అని పిలిచాడు. వదిన ఆ గది గీసిన షీటు అమ్మ ముందు పరిచింది. అమ్మ గదిని చూసింది, తలుపును చూసింది, వేలితో గడియ గీతను తడిమింది.

“గట్టెక్కావు, అంతే చాలు” అంది. తర్వాత, “మరి కట్టడం ఎప్పుడు మొదలుపెడతారు?”

స్టూడియోలో గీసిన ఇళ్లు ఎవరూ కట్టరు. చుట్టచుట్టి అటక మీద పెడతారు. ఆ సంగతి సార్లకి తెలుసు, పిల్లలకి తెలుసు, మాకు తెలుసు. క్లయింటుకి చెప్పాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

“కట్టరు అత్తయ్యా” అంది వదిన నెమ్మదిగా. “ఇది మేము నేర్చుకోవడానికి.”

“ఓహో” అంది అమ్మ. షీటును జాగ్రత్తగా చుట్టి వదిన చేతికిచ్చింది. “అయితే అడక్కుండా ఉండాల్సింది, అమ్మాయ్.”

నిష్ఠూరంగా అన్నా తట్టుకునేవాళ్లం. వదిన ఆ చుట్టను అటక మీదకి ఎక్కించకుండా, తను బల్ల వేసుకున్న గదిలోకి తీసుకెళ్లింది.

మర్నాడు సెలవు. పొద్దున్నుంచీ వదిన తను పని చేసుకునే గదిలోని సామానంతా బయటికి మోసింది. ఇంటికి మధ్యలో ఉన్న గది అదొక్కటే. ఎన్నాళ్లో బతిమాలి అన్నయ్య దగ్గర సంపాదించుకున్న గది.

“ఇదేమిటే, నీ బల్ల తీస్తున్నావు?” అంది అమ్మ.

“హాల్లో వేసుకుంటాను అత్తయ్యా. నాకు చుట్టూ సందడి ఉంటేనే పని సాగుతుంది.”

పచ్చి అబద్ధం. అన్నయ్య గడియ బిగించాడు, ఒక మేకు వంకరగానే దిగింది. అమ్మ మంచం లోపల వేశాం. అమ్మ గుమ్మంలో తటపటాయించి, మా వైపు ఒకసారి చూసి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు మా ముగ్గురికీ వినపడింది.

కాసేపటికి పక్కింటావిడ వచ్చి, “మీ అమ్మగారు లేరా?” అని అడిగింది. “అమ్మా” అని కేకెయ్యబోయిన అన్నయ్యను వదిన కళ్లతోనే ఆపింది.

“అత్తయ్య పనిలో ఉన్నారండీ” అంది. “సాయంత్రం రండి.”