దుబాయికి గంటన్నర

కుర్సీల కెల్లి లేవకుంట ఒక విమానాన్ని సముద్రంల ముంచిన ఘనత నాది. పైలటు తప్పేం లేదు, తప్పంత నా తీసివేతది. ఎట్లనంటరా, చెప్త.

డెబ్బైలల్ల గోదావరిఖనిల బొగ్గుబాయి మీద నాకు కొత్తగ టైంకీపర్ నౌకరి దొరికింది. ఎవరు ఎన్నింటికి బాయిల దిగిండు, ఎన్నింటికి ఎక్కిండు రాసుకునుడే పని. కొత్త బిచ్చగాడు పొద్దెరుగడంటరు. కొత్త టైంకీపరైతే పొద్దు తనను అడిగే పొడుస్తదనుకుంటడు.

మా బావ రాజం వెల్డింగు పనికి దుబాయి పోయిండు. బొంబాయిల పదింటికి విమానమెక్కి, పదకొండున్నరకు దుబాయిల దిగిన్నని మొదటి ఉత్తరంల రాసిండు. నేను పదకొండున్నరల కెల్లి పది తీసేసి, దుబాయి గంటన్నర తొవ్వేనని వాడంత చాటిన. విమానం గంటకు ఆరువందల మైళ్లు పోతదని ఎవరో చెప్తే, దూరం తొమ్మిదివందల మైళ్లని గూడ తేల్చిన. నిండు చూలాలు మా అక్క ఆ మాటకే ధైర్యం తెచ్చుకున్నది.

అక్కకు బిడ్డ పుట్టింది. పేరు పెట్టుడు బావ కోసం ఆపిన్రు. కొన్ని నెలలకు ఉత్తరం వచ్చింది: ఫలాన దినం పొద్దుగాల పదింటికి విమానమెక్కుత, బొంబాయిల దొరికిన బండి పట్టుకొని వస్త అని. పదికి గంటన్నర కలిపిన. పదకొండున్నరకు దిగుతడు, రెండింటి బండి ఎక్కుతడు, మర్నాడు పగటాల్లకు మనింట్ల ఉంటడని, పేరు పెట్టుడుకు నేనే ముహూర్తం పెట్టిన. చుట్టాలను పిలిచిన్రు, యాటను కోసిన్రు.

రామగుండం స్టేషన్ల బండి వచ్చింది, పోయింది. బావ దిగలే. ఇంటికొచ్చేసరికి ఒక కాక, విమానాలు అప్పుడప్పుడు సముద్రంల పడ్తయట అని మెల్లగ అన్నడు. ఆ మాటతోని ఇల్లంత సల్లబడ్డది. యాటకూర ఎవ్వరు ముట్టలే. అక్క ఏడ్వలేదు, పిల్లను ఒడిల పెట్టుకొని గోడకు ఆనుకున్నది.

"గంటన్నరే అంటివి గదరా తమ్మీ," అన్నది.

వేళ్ల మీద మళ్ల లెక్క పెట్టిన, మళ్ల గంటన్నరే వచ్చింది. నిజంగ భయపడ్డ.

తెల్లారి బావ రిక్షల దిగిండు. బొంబాయిల దిగేసరికే రెండున్నర అయిందట, రెండింటి బండి దాటిపోయిందట. నా లెక్క మొత్తం విని, పిల్లను ఎత్తుకొని నవ్విండు.

"అక్కడ పదైతే ఇక్కడ పదకొండున్నర తమ్మీ. విమానం మూడు గంటలు ఎగుర్తది. పోయేటప్పుడు గంటన్నర మిగుల్తది, వచ్చేటప్పుడు గంటన్నర ఎక్కువైతది."

అక్క అప్పుడు ఏడ్చింది, నవ్వుకుంటనే. మళ్ల మరగబెట్టిన కూరతోనే పిల్లకు పేరు పెట్టిన్రు. బావ నా మీద కోపం చెయ్యకపోగ, పెట్టెల కెల్లి మెరిసే చేతిగడియారం తీసి నా చేతికి కట్టిండు.

మర్నాడు నాది మొదటి షిఫ్టు. గడియారం చూసుకుంట నిమ్మలంగ చాయ తాగిన. నడుమల బాయి సైరన్ మోగితే, సైరనే తప్పు కూసిందని నవ్వుకున్న. గేటు కాడికి పొయ్యేసరికి నా కుర్సీల ఇంకొకాయన కూసొని నాకు గైరుహాజరు వేస్తున్నడు. బావ గడియారానికి ఇంక దుబాయి టైమే ఉన్నది!

బొగ్గుతల్లి సాక్షిగ అప్పుడే ఒట్టు పెట్టుకున్న. ఇగ విమానం ఎన్నింటికి వస్తదని ఎవరడిగినా, నా జవాబు ఒక్కటే: దిగినప్పుడు.