సంతకం కోసం వచ్చిన సూరయ్య

పొలం కౌలుకిచ్చి పట్నంలో ఉంటున్న పాఠకులారా, మీ పేరున వచ్చిన తుపాను పరిహారాన్ని ఏం చేశారు?

తొంభైల్లో నేను ఢిల్లీ జనక్‌పురిలో కేంద్ర ప్రభుత్వ గుమస్తాను. పక్కింటి రావుగారు ఊళ్లో కౌలుకిచ్చిన పొలానికి వచ్చిన పరిహారంతో కలర్ టీవీ కొన్నారు. నాకంటే చిన్న పొలం ఆయనది! గోడ అవతల అది మోగినప్పుడల్లా నా కడుపు మండిపోయేది. తెలుగు సంఘంలో సమానత్వం మీద ఉపన్యాసాలిచ్చే నేనే ఓర్వలేక దరఖాస్తు పెట్టి, పరిహారం తెప్పించుకుని కూలర్ కొన్నాను.

నెల తిరక్కుండా మా కౌలురైతు సూరయ్య రైలెక్కి వచ్చాడు.

"వరంతా కుళ్లిపోయింది బాబూ. పట్టాదారు సంతకముంటేనే పరిహారం ఇస్తారంట," అంటూ కాగితం చాపాడు.

మా అమ్మాయి హిందీలో అందుకుంది. "అంకుల్, వో పైసా తో ఆ గయా! యే కూలర్ ఉసీ కా హై."

"పాప ఏమంటోంది బాబూ?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. అయినా, ఆ డబ్బు ఎప్పుడో వచ్చేసిందనీ, ఈ కూలర్ దానితోనే కొన్నదనీ నిజమే చెప్పాను.

సూరయ్య కాగితం మడిచి, "గాలి చల్లగానే ఉందండి," అన్నాడు.

అప్పు చేసి ఆ డబ్బు అతని చేతిలో పెట్టాను. కానీ తలెత్తలేకపోయాను. దున్నినవాణ్ణి వదిలి పట్టాలో పేరున్నవాడికి చెల్లించే పద్ధతి ఏ న్యాయం?

పంట పోయింది మీకు కాదు. ఇవాళే పోస్టాఫీసుకు వెళ్లి ఆ డబ్బు మీ కౌలురైతుకు మనియార్డరు చేయండి.