పచ్చ పెన్సిలమ్మ

ఎదుట అందరూ మేడం అనేవారు. వెనక మాత్రం ఆమె పచ్చ పెన్సిలమ్మ. గొంతెత్తిందంటే మూడు గదుల అవతల టైపు కొట్టేవాడి చేతులు ఆగిపోయేవి. అయినా ఆమె పనితనాన్ని తక్కువ చేసి మాట్లాడితే కళ్లు పోతాయి.

ఆమె చేతిలో ఉన్నవి నాలుగు పనులు. నదికి గేట్లు, ఒడ్డున మట్టికట్ట, కట్ట వెనక కొత్త ఇళ్లు, మునిగిపోయే పల్లపు వాడను ఖాళీ చేసి జనాన్ని ఆ ఇళ్లలోకి చేర్చడం. నాలుగింటికీ నలుగురు ఇంజనీర్లు, ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. వాళ్లను ఒక్క తాటిమీదికి తెచ్చింది ఆమే. గోడకు పెద్ద పటం తగిలించి, ప్రతి శనివారం ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగేది. అయిందంటే పచ్చ గీత, కాలేదంటే ఎర్ర గీత. ఎర్ర గీత పడినవాడికి ఆ పూట అన్నం సహించేది కాదు.

నెల తిరిగేసరికి పటమంతా పచ్చబడింది. అక్కడే అనుమానం రావాలి. రాలేదు. పొగడ్త ఎవరికి చేదు? సోమవారం పది గంటలకు గేట్లు దించి నదిని ఆపాలి. ఇన్ని పనుల్ని ఒక్క చేత్తో నడపగలదో లేదో చూసి, పెద్ద పోస్టు ఇవ్వడానికి పై అధికారులు వస్తున్నారు.

ఆదివారం పొద్దున నాలుగో తరగతి చదివే కూతురిని అడిగింది.

"లెక్కలయ్యాయా?"

"అయిపోయాయమ్మా."

పుస్తకం తెరిస్తే తెల్ల కాగితం.

"మరి అయ్యాయన్నావేం?"

"కాలేదంటే అరుస్తావుగా. అయ్యాయంటే నవ్వుతావు."

అత్తగారు గుమ్మంలోంచి కిసుక్కుమన్నారు. ఆమెకు మాత్రం గోడమీది పచ్చ పటం గుర్తొచ్చింది. చెప్పులు వేసుకుని తిన్నగా పల్లపు వాడకు వెళ్లింది. పటం ప్రకారం అది ఖాళీ అయి పన్నెండు రోజులు. వీధి వీధంతా బట్టలు ఆరుతున్నాయి. ఒక ముసలి దర్జీ అరుగు మీద మిషను తొక్కుతున్నాడు.

"కొత్త ఇళ్ల తాళాలిచ్చారమ్మా, కొళాయిల్లో నీళ్లివ్వలేదు. చుక్క నీళ్లు లేని ఇంట్లో ఏం చేసుకు చావమంటావు?"

తాళాలిచ్చినవాడు తన పని అయిందన్నాడు. గోడలు కట్టినవాడూ అయిందన్నాడు. మధ్యలో నూట పన్నెండు కుటుంబాలు రేపటి నీళ్లకు ఎదురుగా కూర్చుని ఉన్నాయి. ఆమె ఆ వీధిలోనే ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని ట్యాంకర్లు తెప్పించింది, లారీలు తెప్పించింది. పొద్దుగుంకేలోపు దర్జీ మిషనుతో సహా వాడంతా కట్ట వెనక ఇళ్లకు చేరింది. చెప్పానుగా, పనిలో ఆమెకు ఆమే సాటి.

ఇంటికొచ్చి జరిగినదంతా చెబితే అత్తగారు విని, "తల్లీ, వాళ్లు చెప్పిన అబద్ధం ఆ ఒక్కటేనంటావా?" అన్నారు.

సోమవారం అధికారులు వచ్చి కూర్చున్నారు. పది కావడానికి ఇంకా పావుగంట. పటం ముందు నిలబడి ఆమె కట్ట ఇంజనీరు వైపు తిరిగింది.

"కట్ట పూర్తయిందా? నిజం చెప్పండి. అరవను."

"అయిపోయింది మేడం."

"అయితే ఆ వెనక ఇళ్లలో ఒకటి ఖాళీగా ఉంది. ఈ వానాకాలమంతా మీ పిల్లలతో అందులో ఉంటారా?"

అతను చేతిలోని ఫైలు మూసేశాడు.

"మధ్యలో రెండు వందల గజాలు వదులుగా ఉంది మేడం. మట్టి సరిగ్గా తొక్కించలేదు. ఎర్ర గీత పడుతుందని..." అతను పటం మీద వేలు పెట్టాడు. "ఆ ఇళ్లకు ఎదురుగానే."

ఆమె ఎర్ర పెన్సిలు తీసి కట్ట మీద అడ్డంగా గీసింది. అధికారుల్లో పెద్దాయన కుర్చీ వెనక్కి తోశాడు.

"అమ్మా, మీరు ఈ గీత గీస్తే ఆ పోస్టు మాట ఇక మరిచిపోవచ్చు."

"మరిచిపోయానండీ," అంటూ ఆమె గేట్ల ఇంజనీరుకు ఫోను చేసింది. "ఆపండి. గేట్లు దించొద్దు."

అటునుంచి సంబరంగా జవాబొచ్చింది. "దించేశాం మేడం! తొమ్మిదిన్నరకే. ఆలస్యమైతే మీరు ఊరుకోరని ముందే కానిచ్చేశాం."

గదిలో అందరికీ వినబడింది. ఆమె అరవలేదు. గొంతు అణుచుకుని, "మంచిది. వెంటనే ఎత్తేయండి," అంది.

ఫోనులో నీళ్ల హోరు మాత్రం వినిపిస్తోంది.

"వింటున్నారా? ఎత్తేయండి."

"మేడం... దించడానికి వాటి బరువే చాలింది. ఎత్తే మోటార్లు ఇంకా రాలేదు. అయిపోయిందనే రాయించాను."