రెండోసారి కరిగిన కొవ్వు

లేపనాలు తయారుచేసే ఫ్యాక్టరీ ల్యాబులో సరుకులు పరీక్షించే ఆవిడను అందరూ డిగ్రీలమ్మ అంటారు. చాటుగా అనుకుంటారు గానీ ఆవిడకు తెలియనిదేం కాదు. స్నానం నీళ్ళలో కూడా థర్మామీటర్ పెట్టి చూసుకుంటుందని వాచ్‌మన్ ఓ కథ పుట్టించాడు. అది పచ్చి అబద్ధం. కాఫీలో మాత్రం ఒకసారి పెట్టింది.

పేర్ల దగ్గర ఆవిడకు మరీ చాదస్తం. బజారులో గట్టి కొవ్వు అంటే సరిపోతుంది, ల్యాబు గుమ్మం దాటాక చెల్లదు. "ట్రైస్టియరిన్ అనండి. గ్లిసరాల్ ఒకటి, దాన్ని పట్టుకుని స్టియరిక్ ఆమ్లాలు మూడు. ట్రై అంటే ఆ మూడే. అందులో ఒక్కటి వేరే ఆమ్లమైనా ఆ పేరు పెట్టడానికి వీల్లేదు" అనేది. స్టియరిన్ అన్నది కొవ్వుకున్న పాత గ్రీకు మాట నుంచి వచ్చిందని, అడిగినా అడగకపోయినా, చెప్పేది.

తొమ్మిదేళ్ళ కిందట ఒకాయన సొంత షెడ్డులో ఆ కొవ్వును శుద్ధిచేసి మూడు డబ్బాలు తెచ్చాడు. వాటి మీద ట్రైస్టియరిన్ అని ముత్యాల్లాంటి అక్షరాలతో తనే రాసుకున్నాడు. డిగ్రీలమ్మ నమూనాను కరిగించి, సన్నటి గాజుగొట్టంలోకి ఎక్కించి, త్వరగా గడ్డకడుతుందని మంచులో ముంచింది. తర్వాత వేడిచేస్తే యాభై అయిదు డిగ్రీలకే కరిగింది. డెబ్బై మూడు దాకా నిలవాల్సిన సరుకు! పరీక్ష అక్కడితో ఆపేసి, డబ్బాల మీది పేరు కొట్టేసి, 'కల్తీ' అని రాసి తిప్పి పంపింది. మైనం కలిపి మాకే అంటగడతారా అని పదిమందిలో కడిగేసింది కూడా.

"ఇంకొక్కసారి చూడండి మేడమ్" అన్నాడాయన.

"థర్మామీటర్‌కు మొహమాటాలుండవు" అంది. ల్యాబంతా నవ్వింది.

ఆ తర్వాత ఫ్యాక్టరీ ఆ కొవ్వు జోలికి పోలేదు. మళ్ళీ ఈమధ్యే ఓ పెద్ద కంపెనీ దగ్గర కొన్నారు. డిగ్రీలమ్మ ఎప్పటిలాగే మంచులో ముంచి, నిమిషానికో డిగ్రీ చొప్పున వేడి పెంచుతూ పోయింది. యాభై అయిదుకు కరిగింది. వీళ్ళూ దొంగలేనన్నమాట అనుకుంటుండగా అక్క ఫోన్ చేసింది. అక్క ఫోను ఓ పట్టాన తెమలదు. మోకాళ్ళ నొప్పి దగ్గర మొదలై పక్కింటి కుక్క దాకా వెళ్తుంది. తిరిగొచ్చేసరికి కరిగిన కొవ్వు ఆ వేడిలోనే మళ్ళీ తెల్లగా గడ్డకట్టి ఉంది. కళ్ళప్పగించి చూస్తూనే మళ్ళీ వేడి పెంచింది. సరిగ్గా డెబ్బై మూడు దగ్గర అది రెండోసారి కరిగింది.

పుస్తకం తీస్తే రాసే ఉంది. హడావిడిగా చల్లారిస్తే ఈ కొవ్వు అణువులు కిక్కిరిసిన బస్సులో జనంలా ఎలాపడితే అలా ఇరుక్కుంటాయి, తక్కువ వేడికే చెదిరిపోతాయి. కాస్త ఆగితే సర్దుకుని కుదురుగా కూర్చుంటాయి. ట్రైస్టియరిన్‌కు పేరుమోసిన లక్షణమట అది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆవిడ ఆ పేజీ తిరగేయలేదు. బీరువా అడుగున ఆయన పాత నమూనా సీసా ఇంకా ఉంది. దాన్నీ పరీక్షించింది. ఈసారి ఆగింది. డెబ్బై మూడు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

చిరునామా వెతుక్కుని ఆదివారం పొద్దున్నే వెళ్ళింది. ఆయన ఇప్పుడు అదే షెడ్డులో సైకిళ్ళు బాగుచేస్తున్నాడు. చూడగానే గుర్తుపట్టి, కుర్చీ తుడిచి వేశాడు. ఆవిడ కూర్చోలేదు.

"మీది మేలైన సరుకేనండీ. తొందరపడి తప్పు చేసింది నేను" అంటూ, అదే మాట రాసి సంతకం పెట్టిన కాగితం చాపింది.

ఆయన అందుకోలేదు. "నా సరుకు సంగతి నాకు తెలీదా అమ్మా! ఈ మాట లోపల మా ఆవిడకు చెప్పండి చాలు" అన్నాడు.

ఆయన భార్య తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. డిగ్రీలమ్మ జరిగిందంతా చెప్పింది, ఏదీ దాచలేదు. ఆ ఇల్లాలు విని, భర్త వైపు తిరిగింది.

"మీరు మైనం కలిపారని మా పుట్టింట్లో నేనే చెప్పానే! మా నాన్న పోయేదాకా మీతో మాట్లాడలేదు. ఒక్కసారన్నా కాదని ఎందుకనలేదండీ?"

"అన్నాను. మొదటిరోజే అన్నాను. అంత చదువుకున్న మేడమ్ అబద్ధం చెబుతుందా అన్నావు నువ్వు."

ఇద్దరూ డిగ్రీలమ్మ వైపు చూడలేదు. క్షమించమని అడుగుదామని వచ్చిన మనిషి, ఆయన తుడిచి వేసిన కుర్చీలో ఆ సంతకం కాగితం పెట్టి బయటికి నడిచింది.